మాలీ పేరున లైసెన్సు

డెరిక్ థాయ్‌లాండులో బారు పెడతానన్నప్పుడు ఆగ్నెస్ ఖర్చు సంగతి అడగలేదు. "ఎవురి పేరు మీదరా?" అని అడిగింది.

ఆదివారం చర్చి అయినాక ముగ్గురూ ఆమె ఇంట్లో కూర్చున్నారు. బంగారు గనులు నడిచే కాలంలో కార్మికులకు వరసగా కట్టిన లైను ఇళ్ళలో ఒకటి అది. ముందు గదిలో ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషికి చోటుండదు. డెరిక్ ఆమె తమ్ముడు. ఏళ్ళ తరబడి ప్రయాణికుల ఓడల్లో బార్‌మన్‌గా చేసి, నలభై దాటినాక కంపెనీ కాంట్రాక్టు పొడిగించకపోతే ఇంటికొచ్చి పడ్డాడు. బెంగళూరు బార్లలో అడిగితే కుర్రవాళ్ళు కావాలన్నారు. మూడో మనిషి ఉమేశ్, బూదికోట రైతు. స్కూల్లో డెరిక్‌ది, అతనిది ఒకటే బెంచీ. పట్టుగూళ్ళు అమ్ముకుని బతికేవాడు, రోడ్డు పక్క మామిడితోట అమ్మితే వచ్చిన దుడ్లను ఏం చేయాలో తోచక బ్యాంకులో వేసి పెట్టుకున్నాడు.

"ఈడ మాదిరి కాదక్కా" అన్నాడు డెరిక్. "ఈడ లైసెన్సు కొనాలంటేనే ఆస్తులమ్మాల. ఆడ లైసెన్సుకు ఏడాదికింతని కట్టేది చానా తక్కువ. దాని చుట్టూ ఉండేవే ఖరీదు."

ఆ చుట్టూ ఉండేవి ఒక్కొక్కటే వేలు మడిచి చెప్పినాడు. బారు వదిలిపోతున్న పాత ఓనరుకు దాని పేరుకూ గిరాకీకీ ఇచ్చే గుడ్‌విల్లు, బిల్డింగు అడ్వాన్సు, కంపెనీ రిజిస్ట్రేషను, లాయరు. పాటలు పెట్టుకోవాలంటే దానికి వేరే అనుమతి. డెరిక్ ఒక్కడు పని చేయాలంటే ఆ దేశం వాళ్ళు నలుగురికి జీతాలివ్వాలి. అన్నింటికీ మించి, కంపెనీలో సగానికి పైన వాటా ఆ దేశం మనిషిదే అయ్యుండాలి.

"ఎవురు ఆ మనిషి?"

"మాలీ అని, ఓడ ఆగినప్పుడల్లా నేను పోయే ఆ బారులోనే క్యాషియరు. ఊళ్ళో అమ్మ పొలం తాకట్టు పెట్టి ఆమె కూడా దుడ్లు పెడతా ఉండాది. లైసెన్సు ఆమె పేరు మీద."

"రేపు ఆమె నువ్వెవురు అంటే?"

డెరిక్ నవ్వేసినాడు. ఉమేశ్ మాత్రం ఆగ్నెస్ వైపే చూస్తున్నాడు. "అక్కా, నాకు ఆ దేశమూ తెలీదు, ఆ మనిషీ తెలీదు. నువ్వు సరే అంటే సరే. నీ మొగం చూసి ఇస్తా ఉండాను."

తమ్ముడు ఏడాదిగా గడప దాటకుండా కూర్చోవడం ఆమె చూస్తూనే ఉంది. సరే అంది. తన పొదుపూ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు.

డెరిక్ వెళ్ళినాడు. ఆగ్నెస్ ఆసుపత్రుల్లో చేసి చేసి, ఇప్పుడు మాలూరులో ఒక ఫ్యాక్టరీ ఫస్ట్‌ఎయిడ్ రూములో నర్సు. పొద్దున్నే మారికుప్పంలో రైలెక్కితే బంగారపేట దాటేలోపల తమ్ముడి ఫోను వచ్చేది. అద్దె ఒప్పందం అయింది, బోర్డుకు రంగు వేస్తున్నారు, లైసెన్సు వచ్చింది. ప్రతి మాటకూ ఆమె గుండె కొంచెం కుదుటపడేది. వర్క్ పర్మిట్ మాత్రం రాలేదు.

"అది వచ్చేదాకా నేను గ్లాసు ముట్టకూడదక్కా. పోసినా పని చేసినట్టే లెక్క. నా బారులో నేనే గిరాకీ మాదిరి స్టూలు మీద కూర్చోనుండాను."

ఆగ్నెస్ నవ్వింది గాని, ఫోను పెట్టేసినాక భయమేసింది. ఎవరింటికి పోయినా టేబులు మీద తడి కనబడితే గుడ్డ తీసుకుని తుడిచే మనిషి వాడు. "చేతులు కట్టుకోని కూర్చో నాయనా" అని రోజూ చెప్పేది.

ఒక శుక్రవారం ఫోను రాలేదు. శనివారమూ రాలేదు. ఆమె చేస్తే స్విచాఫ్. ఆదివారం చర్చిలో ఫాదరు ఏం చెప్పినాడో ఆమెకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఉమేశ్ బైకు మీద కూర్చుని ఉన్నాడు. అతనికీ ఫోను కలవలేదు.

వాళ్ళు లోపలికి పోతుండగానే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మగ గొంతు, హిందీ. తాను అక్కడి లాయరు మనిషినన్నాడు. డెరిక్‌ను పోలీసులు పట్టుకున్నారు, పట్టించింది మాలీనే, బారు మింగేయడానికి. ఈ సాయంత్రంలోగా తాను చెప్పే ఖాతాకు రెండు లక్షలు వేస్తే కేసు లేకుండా చేస్తాను, లేకపోతే ఏళ్ళు జైల్లో ఉంటాడు అన్నాడు.

ఆగ్నెస్ గోడకు ఆనుకుని, విన్నది ఉమేశ్‌కు చెప్పింది.

"నువ్వు అనుకున్నట్టే అయింది" అన్నాడు ఉమేశ్. "వేసేద్దామక్కా. దుడ్లు పోతే పోనీ, మనిషి రావాల గదా."

"ఉండప్పా. ఆమెతో ఒక మాట మాట్లాడనీ."

"పట్టించినదానితో మాటలేమిటికి?"

డెరిక్ పోతూ పోతూ మాలీ నంబరు ఇచ్చినాడు గాని, ఆగ్నెస్ ఎప్పుడూ చేయలేదు. ఏం మాట్లాడాలో తెలియక కొంత, ఆ మనిషంటే గిట్టక కొంత. ఇప్పుడు వీడియో కాల్ నొక్కింది. చాలాసేపు మోగింది. తీసినది నడివయసు ఆడమనిషి. తల చెదిరి ఉంది, కళ్ళు వాచి ఉన్నాయి. వెనకాల పోలీసు స్టేషను మెట్లు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో అన్నం డబ్బా.

"సిస్టర్" అంది మాలీ. వచ్చీ రాని ఇంగ్లీషు. "నీ నంబరు అతని ఫోనులోనే ఉంది, ఫోను పోలీసుల దగ్గరుంది. నేను చేయలేకపోయాను. కోపం వద్దు."

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. గురువారం సాయంత్రం గ్లాసులందించే పిల్ల రాలేదు. ఒక్కసారిగా గుంపు వచ్చింది. మాలీ గల్లా దగ్గర నలిగిపోతోంది. డెరిక్ స్టూలు దిగి, బాటిలు తీసి నాలుగు గ్లాసులు నింపినాడు. తనిఖీవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"ఎంత పంపాల?" అని అడిగింది ఆగ్నెస్. ఆ జవాబు మీదే ఇంక అంతా ఉందని ఆమెకు అనిపించింది.

మాలీకి అర్థం కానట్టుంది. "పంపడం ఎందుకు? రేపు కోర్టు. జరిమానా గల్లాలోంచి కడతాను. కానీ సిస్టర్, అతన్ని దేశంలో ఉండనివ్వరు. ఇంటికి పంపేస్తారు." అని మొహం పక్కకు తిప్పుకుంది.

ఆగ్నెస్ ఫోను దించి ఉమేశ్‌ను చూసింది. "ఆ ఫోను చేసినవాడికి ఏమీ వేయొద్దు" అంది.

"ఆమె నాటకమాడతా ఉంటే?"

"ఆడొచ్చు. ముప్పై ఏండ్లుగా రోగుల పక్కన కూర్చునే ఆడోళ్ళను చూస్తా ఉండాను. నాకు ఈమె మాట నమ్మబుద్ధి అవుతా ఉండాది. తప్పయితే నా ఇల్లు అమ్మి నీకిస్తా."

ఉమేశ్ బైకెక్కి వెళ్ళిపోయినాడు. ఆ హిందీ మనిషి సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాడు. ఆగ్నెస్ ఫోను మోగిన ప్రతిసారీ నంబరు చూసి పక్కన పెట్టింది. మర్నాడు రైల్లో కూర్చుందన్న మాటే గాని మాలూరు దాటిపోయి వైట్‌ఫీల్డులో దిగి, వెనక్కి రైలు పట్టుకుంది. ఫ్యాక్టరీలో ఎవరి వేలికో కట్టు కడుతుండగా డెరిక్ గొంతు వినబడింది.

"అక్కా, జరిమానాతో వదిలినారు. వారంలో పంపిస్తారంట." ఆ హిందీ ఫోను సంగతి అడిగితే, స్టేషనులో సాయం చేస్తానని ఆమె నంబరు అడిగి తీసుకున్న మనిషై ఉంటాడన్నాడు. తరవాత, "నాలుగు గ్లాసులక్కా. చెయ్యి ఊరుకోలేదు" అని ఏడ్చినాడు.

డెరిక్ చిన్న సంచీతో వచ్చినాడు. బారు మాలీ నడిపింది. వీళ్ళు పెట్టిన దుడ్లు నెలనెలా తిరిగి పంపిస్తానని ఆమె అనడమే తప్ప, ఇవ్వకపోతే అడిగే దిక్కు వీళ్ళకు లేదు. మొదటి రెండు నెలలు ఏమీ రాలేదు. ఉమేశ్ ఆ దారిన రావడం మానేసినాడు. బజారులో ఎదురైతే ఆగ్నెస్సే సందు మారేది. మూడో నెల బ్యాంకులో కొంచెం పడింది. ఆ తరవాత ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ. వానాకాలం గిరాకీ లేదని ఒకసారి అసలు రాలేదు, ఆ నెలంతా ఆగ్నెస్‌కు నిద్ర లేదు. గుడ్‌విల్లు, లాయరు ఖర్చు పోయినట్టే. మిగిలింది మూడో ఏటికి తీరింది. మొదట ఉమేశ్‌దే తీర్చినారు.

ఆఖరి కంతు ఇచ్చిన రోజు అతను ఇంటికొచ్చి, చాలా రోజుల తరవాత అదే గదిలో కూర్చున్నాడు. బంగారపేటలో కొత్తగా తెరిచిన హోటల్లో కౌంటరు పనికి చేరిన డెరిక్ ఇంకా ఇంటికి రాలేదు.

"ఆ దినం నిన్ను నమ్మకుండా పోయినానక్కా" అన్నాడు ఉమేశ్.

"నన్ను నేనే నమ్మలేదు పో" అంది ఆగ్నెస్, కాఫీ గ్లాసు అందిస్తూ. "ఇంగ మాత్రం నా మొగం చూసి ఎవురికీ ఏమీ ఇయ్యొద్దప్పా. నా చేత కాదు."