సెకనుకు ఎనిమిది వందల ముప్ఫై ఒకటి

రైఫిల్ క్లబ్బులో ఆమెను అందరూ కొలతలమ్మ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె ఉద్యోగం తూనికలు కొలతల కార్యాలయంలో. దుకాణాలకు వెళ్ళి కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో చూసి ముద్ర వేయడం పని. "మా కాటా ఏనాడూ తప్పు చూపించలేదండీ" అన్న మాట ఇరవై ఏళ్ళుగా వింటోంది కనుక, ఇప్పుడు అది విన్నా ఆమె ముఖంలో ఏ కదలికా ఉండదు. సంచీలోంచి తూకపు రాళ్ళు తీస్తుంది, అంతే.

ఆదివారాలు క్లబ్బులో క్రోనోగ్రాఫ్ బాధ్యత కూడా ఆమెదే. తూటా ఎంత వేగంతో పోతోందో కొలిచే పెట్టె అది. మూరన్నర పొడవు. పైన రెండు గాజు కళ్ళు, వాటి మధ్య సరిగ్గా అరవై సెంటీమీటర్లు. రైఫిల్‌కు మూడు మీటర్ల ముందు ముక్కాలి స్టాండు మీద నిలబెడతారు. తూటా మొదటి కన్ను మీదుగా పోతూ ఒక నీడ వేస్తుంది, రెండో కన్ను మీదుగా పోతూ ఇంకొకటి. ఆ రెండు నీడల మధ్య గడిచే కాలం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాన్నిబట్టి పెట్టె వేగం లెక్కగట్టి అంకెల్లో చూపిస్తుంది. దానికి మొహమాటం తెలియదు. కొలతలమ్మకు అందుకే అదంటే ఇష్టం.

ఆ యేడు క్లబ్బు వెయ్యి మీటర్ల మైదానం తెరిచింది. అంతవరకూ అందరూ మూడు వందల మీటర్లకే కాల్చేవారు; ముందు నాలుగు తూటాలు కాల్చి గురి సరిచేసుకుంటే సరిపోయేది, వేగంతో పని ఉండేది కాదు. కొత్త మైదానంతో పాటు కొత్త పోటీ కూడా వచ్చింది. వేర్వేరు దూరాల్లో మూడు ఇనుప పలకలు. ఒక్కోదానికి ఒక్కటే తూటా. ముందుగా కాల్చి సరిచూసుకోవడం లేదు. ఎంత దూరానికి తూటా ఎంత కిందికి దిగుతుందో కాగితం మీద లెక్క వేసుకుని, దాని ప్రకారం రైఫిల్ మీద గురి చూసే దుర్బిణి, అంటే స్కోప్, తిప్పుకుని కాల్చాలి. ఆ లెక్కంతా తూటా వేగం మీద నిలబడి ఉంటుంది. వేగం తప్పయితే మిగతాదంతా శుభ్రంగా, క్రమంగా, దశాంశాలతో సహా తప్పే.

ఆ పోటీ మీద అందరికంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది కొలతలమ్మ బావ, అంటే అక్క భర్త. ఆయన పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని ఉండగా తాను మాట్లాడటం అలవాటు. పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో ఆయనతో ఎవరూ రెండు మాటలు కలిపేవారు కాదు. అలాంటిది ఒకరోజు మామగారు పిలిచి తన సొంత రైఫిల్ చేతిలో పెట్టాడు. దానితో ఒక నోటుపుస్తకం కూడా ఇచ్చాడు. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో "వేగం: 870" అని ఉంది, సెకనుకు అన్ని మీటర్లని అర్థం. పద్నాలుగేళ్ళుగా బావ ఆ అంకెను ఇంటి చిరునామా చెప్పినట్టు చెబుతూ వచ్చాడు.

కొత్త మైదానంలో మాత్రం ఆయన తూటాలు పలకకు గజం కింద మట్టిలో దిగబడుతున్నాయి.

"ఎండ. నేల వేడెక్కి పలక కిందికి జారినట్టు కనబడుతోంది," అన్నాడు మొదటివారం.

"ఇవాళ మబ్బుగా ఉంది బావా," అంది కొలతలమ్మ రెండోవారం.

"అదే మరి. ఎండ అలవాటై పోయింది."

మూడోవారం ఆమె పెట్టెను ఆయన ముందు నిలబెట్టింది. పది తూటాలు కాల్పించింది. అతి తక్కువ 826, అతి ఎక్కువ 835, సగటు 831. రిజిస్టరులో రాసి చూపించింది.

బావ చాలాసేపు చూశాడు. "మూడు మీటర్లు ముందుకెళ్ళాక కొలుస్తోంది కదా. ఆలోపు వేగం తగ్గదా?"

"తగ్గుతుంది."

"అలా చెప్పు. ఎంత?"

"మూడు."

"ముప్ఫై అనుకున్నాను," అన్నాడు బావ కాస్త నిరాశగా. తర్వాత తూటాలు చల్లబడి ఉంటాయన్నాడు. వాటిని చొక్కా జేబులో వేసుకుని అరగంట అటూ ఇటూ తిరిగి వచ్చాడు. 834 వచ్చింది. "చూశావా, పెరుగుతోంది!" అని మళ్ళీ పడుకుని గురి పెట్టాడు.

రైఫిల్ మీద స్కోప్ ఉంటుంది, గొట్టం దానికి రెండంగుళాల కింద ఉంటుంది. దూరం చూసేవాడికి స్కోప్‌లో పెట్టె కనబడదు, కానీ గొట్టానికి కనబడుతుంది. ఈ సంగతి క్లబ్బులో చేరిన మొదటిరోజే చెబుతారు. బావ ట్రిగ్గర్ నొక్కగానే పెట్టె స్టాండు మీంచి లేచి పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ముందు నుంచి వెనక దాకా ఒకటే చిల్లు.

కొలతలమ్మ వెళ్ళి చూసింది. అద్దం మీద అంకెలేమీ లేవు. రిజిస్టరు తెరిచి తేదీ వేసి, "యంత్రం పోయింది. కారణం: బావ" అని రాసింది. కింద బావ చేత సంతకం పెట్టించుకుంది.

తర్వాతి వారం ఇంకో క్లబ్బు నుంచి వేరే యంత్రం తెచ్చింది. అది కళ్ళతో చూసేది కాదు, రాడార్‌తో పసిగట్టేది. పక్కన పెడితే చాలు, గురి మార్గంలో ఉండదు. అరువు సొత్తు కనుక ఆ సుగుణం ఆమెకు బాగా నచ్చింది. అది 832 అని చెప్పింది.

"రెండూ కూడబలుక్కున్నాయి," అన్నాడు బావ.

"అవి ఒకదాన్నొకటి చూడనే లేదు బావా."

"మామయ్య అబద్ధం రాశారంటావా?" ఆయన గొంతు మారింది. "చెప్పు. పద్నాలుగేళ్ళ కిందట నన్ను మనిషిగా చూసి చేతిలో పెట్టిన రైఫిల్ అది. నీ అంకెను తీసుకుంటే ఆయన అంకెను కొట్టేయాలి. నా వల్ల కాదు."

తండ్రి అబద్ధం రాసే మనిషి కాడని ఆమెకూ తెలుసు. కానీ రెండు కాటాలు ఒకే మాట చెబితే కాటాలను వదిలి సరుకును చూడాలన్నది ఆమె ఉద్యోగ ధర్మం. బావ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గొట్టం తుడిచే కడ్డీని ఖాళీ రైఫిల్ లోపలికి దూర్చి, మూతి దగ్గర గీత పెట్టుకుని, బయటికి తీసి టేపుతో కొలిచింది. యాభై ఆరు సెంటీమీటర్లు. నోటుపుస్తకం రెండో పేజీలో అరవై ఆరు అని ఉంది.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా తుపాకుల మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. ఆయన దుకాణం సైకిల్ షాపు వెనక ఒక ఇరుకు గది. బల్ల నిండా ఆకురాళ్ళు, నూనె గుడ్డలు, గోడకు కోసిన గొట్టం ముక్కలు. మేస్త్రి పొదుపరి, ముఖ్యంగా మాటల్లో.

"మా నాన్న రైఫిల్ గొట్టం ఎవరు కోశారు?"

"నేనే."

"ఎందుకు?"

"వంకర పోయింది."

"ఎలా పోయింది?"

మేస్త్రి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ నాన్నగారినే అడుగమ్మా. పద్నాలుగేళ్ళ కిందట ఒట్టు వేయించుకున్నారు." మళ్ళీ కాసేపటికి, "అంగుళం కోస్తే సెకనుకు తొమ్మిదో పదో మీటర్లు పోతాయి," అన్నాడు. "ఆ సంగతి మీద ఒట్టు లేదు."

నాలుగంగుళాలు. నలభై మీటర్లకు కాస్త తక్కువ. ఆమె కాగితం తీయకుండానే లెక్క సరిపోయింది. సరిపోయినందుకు సంతోషం కలగకపోవడం ఆమెకు అదే మొదటిసారి. పద్నాలుగేళ్ళ కిందటే కదా తండ్రి ఆ రైఫిల్‌ను అల్లుడి చేతిలో పెట్టింది.

తండ్రి క్లబ్బుకు పెద్దాయన. డెబ్భై ఎనిమిదేళ్ళు. కొత్తగా చేరినవాళ్ళకు రైఫిల్ ఎలా పట్టుకోవాలో మొదటి పాఠం ఇప్పటికీ ఆయనే చెబుతాడు. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాలంటాడు. ఒకసారి రైఫిల్‌ను గోడకు ఆనించి పోయినందుకు ఒక జడ్జిని నెలరోజులు మైదానంలోకి రానివ్వలేదు.

ఆమె వెళ్ళేసరికి ఆయన వరండాలో కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు.

"నాన్నా, రైఫిల్ గొట్టం పది సెంటీమీటర్లు తగ్గింది."

"వయసొస్తే అందరం తగ్గుతామమ్మా."

"మేస్త్రి దగ్గరికి వెళ్ళొచ్చాను."

గోళ్ళు తీసే కత్తెర ఆగింది. పెద్దాయన వీధివైపు చూశాడు. "గేటు స్తంభానికి ఆనించాను," అన్నాడు చివరికి. "కారు వెనక్కి తీస్తున్నాను. అది జారిన సంగతి నాకు తెలీదు. జడ్జిని పంపించేసిన నెలలోనే."

"తర్వాత?"

"తర్వాతేముంది. కోయించాను. చూసినప్పుడల్లా మొహం చెల్లేది కాదు. ఇంట్లోంచి పంపించేయాలనిపించింది. అమ్మితే అడుగుతారు. అల్లుడైతే అడగడు." కత్తెర పక్కన పెట్టి, "అతనికి చెప్పకమ్మా," అన్నాడు.

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఈ ఆదివారమే పోటీ."

"చెప్పకపోతే?"

"మూడు తూటాలూ మట్టిలోకి పోతాయి. నీ మీద గౌరవంతో."

ఆమె అన్నం తినకుండా వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అలా చేయడం చిన్న విషయం కాదు.

పోటీ ఉదయం ముప్ఫైమంది దాకా వచ్చారు. వాళ్ళలో పదిమంది కొత్తవాళ్ళు. ఆనవాయితీ ప్రకారం పెద్దాయన లేచి పాఠం మొదలుపెట్టాడు. చంటిబిడ్డ దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. అందరూ మరిచిపోయాడనుకున్నారు. అక్క నీళ్ళ సీసా పట్టుకుని లేవబోయింది.

"రైఫిల్‌ను ఎప్పుడూ దేనికీ ఆనించకండి," అన్నాడు పెద్దాయన. "ఆనిస్తే నాలాగా మీరూ దాని మీదికి కారు ఎక్కిస్తారు. నేను ఎక్కించాను. అదిగో, మా అల్లుడి చేతిలో ఉన్నదే. నాలుగంగుళాలు కోయించాను. పుస్తకంలో ఉన్న వేగం కోయకముందుది. ఇప్పటిది మా చిన్నమ్మాయి కొలిచింది. అదే ఖాయం." తర్వాత అదే గొంతుతో, "ఇక చెవులకు రక్షణ సంగతి," అని పాఠం కొనసాగించాడు.

ఎవరూ నవ్వలేదు. పంపించేసిన జడ్జి మూడో వరుసలో ఉన్నాడు. ఆయన చెవులకు రక్షణ గురించి చాలా శ్రద్ధగా విన్నాడు.

బావ ముఖం తెల్లబోయింది. పాఠం అయ్యేదాకా రైఫిల్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత మెల్లగా నడిచి మరదలి దగ్గరికి వచ్చాడు.

"ఎంతన్నావు?"

"ఎనిమిది వందల ముప్ఫై ఒకటి."

"ఆ లెక్కతో పట్టిక వేయడానికి ఇప్పుడు టైం లేదు."

"వేసే ఉంచాను," అని కాగితం ఇచ్చింది.

మొదటి పలక ఐదు వందల ఇరవై మీటర్లు. టంగుమంది. రెండోది ఏడు వందల నలభై. అదీ మోగింది. మూడోది తొమ్మిది వందల ఎనభై. ట్రిగ్గర్ నొక్కినప్పటి నుంచి, ఆ దూరంలో తగిలిన చప్పుడు వెనక్కి రావడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. కొలతలమ్మ లెక్కపెట్టింది. ఐదు, ఆరు. ఏమీ రాలేదు. పక్కగాలి తూటాను జానెడు ఎడమకు నెట్టింది. పలక వెనక మట్టిగట్టు మీద దుమ్ము లేచింది, సరిగ్గా పలక నడుమెత్తులో.

బావకు నాలుగో స్థానం వచ్చింది. నాలుగో స్థానానికి చేతులు కలపడం తప్ప ఇచ్చేదేమీ లేదు. కలిపారు.

అందరూ సర్దుకుంటుండగా ఆయన టీ గ్లాసుతో మామగారి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కొలతలమ్మ కాస్త ఎడంగా రాడార్ యంత్రాన్ని పెట్టెలో పెడుతోంది. పెట్టడం ఎప్పుడో అయిపోయింది, అయినా పెడుతోంది.

"అందుకేనా మామయ్యా, నాకిచ్చారు?"

"అందుకే," అన్నాడు పెద్దాయన.

బావ తల ఊపాడు. టీ తాగలేదు.

"రెండేళ్ళయ్యాక మేస్త్రి కొత్త గొట్టం తెప్పిస్తానన్నాడు," అన్నాడు పెద్దాయన. "వేయించి, తిరిగి తెచ్చుకుందామనుకున్నాను. అప్పుడు నువ్వు మూడు వందల మీటర్ల పోటీలో కాలుస్తున్నావు. వెనక కూర్చుని చూశాను. అడగాలనిపించలేదు."

"ఎందుకని?"

"నాకంటే బాగా కాలుస్తున్నావు." పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "చెబుదామనే అనుకున్నాను. వాయిదా పడింది."

"పన్నెండేళ్ళు," అన్నాడు బావ.

"ఆ. పన్నెండేళ్ళు."

బావ టీ ఒక గుక్క తాగాడు. అది పూర్తిగా చల్లారిపోయింది. అయినా ఇంకో గుక్క తాగాడు. "కారు ఎక్కినప్పుడు చప్పుడు రాలేదా మామయ్యా?"

"వచ్చింది. రాయనుకున్నాను. ఇంకాస్త గట్టిగా తొక్కాను."

బావ గ్లాసు కింద పెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది. పెద్దాయన నవ్వకుండా ఉండటానికి శాయశక్తులా ప్రయత్నించి, దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కొలతలమ్మ పెట్టె మూత వేసి, వాళ్ళకు మళ్ళీ వేడి టీ తేవడానికి వెళ్ళింది.