వాసన రాని సాక్ష్యం

మెంఫిస్‌లో ఆదివారం చర్చి వదిలాక వెర్డెల్ ఇంటికొచ్చి, టోపీ తీసి మంచం మీద పెట్టి, చేపముక్కలకి మొక్కజొన్నపిండి పట్టించి నూనెలో వేసేది. ఆవిడకి ఏది గుర్తొస్తే దాని వాసన చుట్టుపక్కల కమ్ముకునేది. కాలం చేసిన మొగుడు గుర్తొస్తే మెట్లదాకా చుట్ట వాసన. పుట్టిన ఊరు గుర్తొస్తే వానకి తడిసిన పత్తిచేను. కింది వాటావాళ్లు కిటికీ తెరిచి, "ఏమ్మా వెర్డెల్, ఇవాళ మీ ఆయనొచ్చాడా?" అని పలకరించేవారు. ఒకరికి మెల్లకన్ను ఉన్నట్టే, ఆవిడకి ఇది. అబద్ధానికి మాత్రం వాసన ఉండదు. అదీ అందరికీ తెలుసు.

ఎదురు వాటాలో ఆడపడుచు ఓజెల్లా. ఇద్దరికీ సర్కారు సాయం నెలనెలా ఓ కార్డులో పడేది. ఆ చలికాలం దొంగలెవరో కార్డులకి నకళ్లు తీసి, ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేశారు. కార్డులు నడిపే బ్యాంకుకి ఫోన్ చేస్తే, "మీ రహస్య సంఖ్య మీరే ఎవరికో చెప్పుంటారు" అని అందరికీ ఒకటే పాట. చివరికి ఓ లాయరమ్మ, మోసపోయిన వేలమంది తరఫునా ఒకే దావా వేస్తానంది. ముందు ఎవరో ఒకరి పేరు ఉండాలి కనక ఓజెల్లా పేరు పెట్టింది.

వెర్డెల్‌కి ఒళ్లు మండింది. ముందు ఖాళీ అయింది తన కార్డు. లాయరు దగ్గరికి వెళ్దామని బయల్దేరదీసింది తను. అక్కడ తను వెక్కివెక్కి ఏడుస్తుంటే ఓజెల్లా పక్కన కూచుని పుదీనా బిళ్ల చప్పరించింది. అలాంటిదాన్ని ఇప్పుడు చర్చిలో పాస్టరుగారు లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తున్నారు!

ఓజెల్లా కొత్తగా నీలం టోపీ కొనుక్కుని చూపించడానికొచ్చింది.

"కోర్టుకి బాగుంటుందా వదినా?"

"బాగానే ఉంది. కింద బుర్ర కూడా ఉంటే ఇంకా బాగుండేది."

"ఈ బుర్రనే కదా వేలమంది నమ్ముకున్నారు!" అని పకపకా నవ్వింది ఓజెల్లా.

ఆ నవ్వు వెర్డెల్ చెవుల్లో గింగురుమంటుండగానే బ్యాంకు తరఫు మనిషి ఆరా తీస్తూ ఫోన్ చేశాడు. "దాని సంఖ్య కాయితమ్ముక్క మీద రాసి కార్డు వెనకే అంటించుకుంది. నా కళ్లతో చూశా," అనేసింది వెర్డెల్. ఆనాటినుంచి ఆవిడ గదుల్లో ఏ వాసనా లేదు.

ఆ ఒక్క మాట చాలు బ్యాంకుకి. ఇంత అజాగ్రత్త మనిషి అందరి తరఫునా ఎలా నిలబడుతుంది, దావా కొట్టెయ్యండి అంది. వెర్డెల్‌ని సాక్షిగా పిలిపించింది.

"కార్డు వెనక సంఖ్య చూశారా?" అడిగాడు బ్యాంకు లాయరు.

"చూశానండీ."

జడ్జి ఆ ఊరివాడే. ముక్కు ఎగబీల్చి, "బాగా గుర్తుచేసుకోండమ్మా. నాకేమీ రావట్లేదు," అన్నాడు.

"సాక్షికి జలుబేమోనండీ," అన్నాడు లాయరు.

"ఆవిడకి ఉంటే ఉండొచ్చు. నాకు లేదు."

వెర్డెల్ కళ్లు మూసుకుని ఓజెల్లా కార్డుని తలుచుకోబోయింది. అది గుర్తుకి రాలేదు. తన కార్డు చెల్లని రోజు గుర్తొచ్చింది. వెనక జనం చూస్తుండగా సరుకులన్నీ కొట్టు బల్ల మీదే వదిలేసి రావడం, ఇంట్లో దీపమైనా వెలిగించకుండా కూలబడటం. అంతలో తలుపు కాలితో తన్ని, గిన్నె రెండు చేతులా పట్టుకుని ఓజెల్లా వచ్చింది. తన కార్డూ ఆ రోజే ఖాళీ అయిందని ఓజెల్లా వారందాకా చెప్పలేదు.

పొగబెట్టిన కోడిమెడలతో ఉడికిన ఆకుకూర, పుల్లటి వెనిగర్, వేడి మొక్కజొన్న రొట్టె: ఆ వాసన కోర్టంతా నిండిపోయింది. తలుపు దగ్గరి పోలీసు గుటకేశాడు. వెనక వరసలో కార్డులు పోయినవాళ్లు నిటారుగా కూచున్నారు.

వెర్డెల్ మొహం కప్పుకుంది. "నేనేమీ చూడలేదండీ. కుళ్లుబోత్తనంతో అన్నాను. దాని కార్డుమీద ఏమీ లేదు."

జడ్జి గట్టిగా చీవాట్లు పెట్టాడు. మధ్యాహ్నానికి, దావా అందరి తరఫునా నడవొచ్చు, ఓజెల్లాయే ముందుంటుంది అని తేల్చాడు.

బయట మెట్లమీద మంచు పేరుకుంది.

"నువ్వేనని నాకెప్పుడో తెలుసు వదినా. మీ గడపలోంచి చుట్ట వాసనైనా రావట్లేదుగా."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్పేదానివి. ఒకదానికే మా అన్న చుట్ట వాసన ఇల్లు వదిలి పోయింది."

మెట్టు దిగుతూ ఓజెల్లా మంచు మీద జారబోతే వెర్డెల్ చప్పున ఆవిడ రెక్క పట్టుకుంది. అప్పుడే పేపరువాళ్లు ఫొటో తీశారు.

మర్నాడు పేపర్లో ఓజెల్లా, ఆవిడ నీలం టోపీ, పళ్లన్నీ కనబడే నవ్వు. వెర్డెల్‌ది అంచున మోచెయ్యొక్కటే పడింది. ఆవిడకి మళ్లీ ఒళ్లు మండింది. అయినా పేపరు చంకన పెట్టుకుని వాటా వాటాకీ తిరిగి, వేలు పెట్టి మరీ చూపించింది.

"ఇదుగో, పట్టుకున్నది నేనే. లేకపోతే ఇది పడిపోయేది."