మూలన నాలుగు బెజ్జాలు

నా అక్షరాలు గుండ్రంగా రావు. ఒత్తులు అక్కడక్కడా తప్పిపోతుంటాయి. ఈ రెండు కాగితాలు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. చదివేవారు మన్నించాలి.

మా మనవరాలు మృదుల నాటకాల్లో వేషం వేయదు. నాటకం వెనక ఉన్న చరిత్ర వెతికే పని ఆమెది. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఆడిన ఒక నాటకాన్ని ఈ ఏడు మా ఊళ్లో చిన్న థియేటర్ వాళ్లు మళ్లీ వేస్తున్నారు. అప్పటి దుస్తుల వివరాల కోసం మృదుల ఇంగ్లండ్‌లో ఒక లైబ్రరీకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. ఏడు నెలలకు వాళ్లు ఐదు పాత ఉత్తరాల ఫోటోలు పంపారు. హానా పైక్ అనే కుట్టుపని ఆవిడ, థియేటర్ యజమానికి పంపినవి.

వాటిని అసలు కొలతలోనే ప్రింట్ తీసి, వంటింటి బల్ల మీద పరుచుకుని మృదుల దిగాలుగా కూర్చుంది.

"ఏమైందే?"

"ప్రోగ్రామ్ బుక్‌లోంచి హానా పేరు తీసేయమంటున్నాడు అమ్మమ్మా, డైరెక్టర్. ఐదు లెటర్స్, నాలుగు హ్యాండ్‌రైటింగ్‌లు. సో, ఒక్క మనిషి కాదంట. ఆ పేరుతో ఎవరెవరో రాశారంట."

"మరి బట్టలు కుట్టిందెవరంట?"

"'పేరు తెలియని దర్జీలు' అని వేస్తారంట. అంత వర్క్ చేసిందా, పేరే లేదు." చిరాగ్గా పెన్ను విసిరేసింది.

నేను కాగితాలు దగ్గరికి లాక్కున్నాను.

"నీకు ఇంగ్లీష్ రాదు కదా, ఏం చూస్తున్నావ్?"

"రాదు కాబట్టే బెజ్జాలు కనబడుతున్నాయి."

ప్రతి కాగితానికీ ఎడమ మూలన సూది బెజ్జాలున్నాయి. మూడు వరసగా, నాలుగోది వెనక్కి వచ్చి మొదటి రెండింటి మధ్య.

"అవా? గుడ్డ శాంపిల్ కుట్టి పంపేదంట. అందులో ఏముంది?"

ఏముందో చెప్పాలంటే, ఈ అమెరికా దేశం వచ్చినప్పటి నుంచి దాచుకున్నది చెప్పాలి. మా ఆయన యోగానంద్ ఇంజనీరు. ఆయన భార్యకు చదువు రాదని ఇక్కడెవరికీ తెలియదు. నేను చెబుతుంటే ఆయన మా అమ్మకు ఉత్తరం రాసేవారు. ఆయన ఊళ్లో లేనప్పుడు వేలు తెగిందనో, కళ్లజోడు పగిలిందనో సాకు చెప్పి పక్కింటి ఉషగారి చేత రాయించేదాన్ని. రాత మారినా ఉత్తరం నాదేనని అమ్మకు తెలియాలని, మూలన ఎర్ర దారంతో రెండు కుట్లు వేసేదాన్ని. అమ్మకూ చదువు రాదు. ఎవరో చదివి పెడుతుంటే ఆమె ఆ కుట్లు తడుముతూ వినేదట.

ఆయన పోయాక, అరవై ఆరో ఏట, మృదులను ఆదివారం తెలుగు బడికి దింపే నెపంతో వెనక కూర్చుని పిల్లలతో పాటు నేర్చుకున్నాను. అందరూ నన్ను కాపలాకు వచ్చిన పెద్దావిడ అనుకున్నారు.

చెప్పడం అయిపోయాక మృదుల కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అందుకేనా నా హోంవర్క్ అడిగి మరీ తీసుకునేదానివి?"

"సగం నేనే చేశాను. నీకు స్టార్లు ఊరికే వచ్చాయా?"

అప్పుడు నవ్వింది. స్కేలు తెచ్చి ఐదు కాగితాల మీదా బెజ్జాల మధ్య దూరం కొలిచింది. తేడా లేదు.

"చూశావా," అన్నాను. "ఆ వెనక్కి వేసే కుట్టు ఆమె అలవాటు. రాసి పెట్టినవాళ్లు మారారు, కుట్టిన చెయ్యి మారలేదు."

డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. ఎవరు గుర్తుపట్టారు, ఎలా తెలిసింది, అంతా రాసి సంతకం పెట్టి ఇస్తే, దాన్ని నాటకం రోజు పంచే ఆ పుస్తకంలో వేసి హానా పేరు ఉంచుతానన్నాడు. రెండు వారాలు గడువిచ్చాడు.

మృదుల నా వైపు తిరిగింది. టికెట్లు కొన్నవాళ్లలో సగం మంది మా గుడివాళ్లే. ఉషగారూ కొన్నారు.

"నీ పేరు వద్దులే అమ్మమ్మా. 'ఒక పెద్దావిడ చెప్పారు' అని నేను రాసిస్తా. డైరెక్టర్‌ని ఒప్పిస్తా."

"'పేరు తెలియని దర్జీలు' అన్నందుకే కదా నువ్వు ఇందాక పెన్ను విసిరేశావు."

మృదుల లేచి తెల్ల కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఇంగ్లీషులో ఆమె రాసేది కింద వేస్తారు. పైన నా రాతే ఉంటుంది. మూలన ఎర్ర దారంతో రెండు కుట్లు కూడా వేశాను. అచ్చులో పడతాయో లేదో తెలియదు.

భ్రమరాంబ
డెబ్బై ఏడేళ్లు
ట్రాయ్, మిషిగన్