తలుపు తెరిచే బటన్

లిఫ్టులు బాగుచేసే మెకానిక్కుకి ఒక్కగానొక్క కూతురు. నోరు మూతపడని పిల్ల కనక అందరూ వసపిట్ట అనేవారు. ఆ పిల్ల ఏమడిగినా అతను ఫోనులోంచి తల ఎత్తకుండా "ఊ" అనేవాడు. పోనుపోను ఇంట్లో ఆ గోల తగ్గింది. పిల్లకి బుద్ధి వచ్చిందని అతను సంతోషించాడు కూడా.

బడి వదిలాక పిల్ల ఎదురింటి అత్త దగ్గర ఉండేది. ఆవిడ బట్టలు కుడుతుంది. ఒకరోజు భార్యకి పని తెమలక, పిల్లని తీసుకురావడానికి తనే వెళ్లాడు. గుమ్మంలోనే కూతురి గొంతు వినిపించింది.

"అత్తా, నీడకి బరువుంటుందా?"

"ఏమోనే, నేనెప్పుడూ చూడలేదు. ఇదిగో, ఈ పల్చటి గుడ్డ పట్టుకుంటా. నీ చెయ్యి నీడ దీనిమీద పడనీ, కిందకి జారుతుందేమో చూద్దాం."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి గుడ్డకేసి చూస్తున్నారు. అతను చెప్పులు విప్పబోయి ఆగిపోయాడు. తండ్రి కనబడగానే పిల్ల గప్‌చుప్‌గా సంచీ తగిలించుకుంది.

"రోజూ ఇంతే అన్నయ్యా, నా బుర్ర తినేస్తుంది," అంది ఆవిడ నవ్వుతూ.

ఇంటికొచ్చాక, "నన్ను అడగవేమే?" అన్నాడు.

"నువ్వు ఊ అంటావుగా నాన్నా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడితే తడుస్తాం అన్నట్టు మామూలుగా చెప్పింది. అతనికి ప్రాణం చివుక్కుమంది.

మర్నాడు భోజనాల దగ్గర ఫోను బీరువాలో పెట్టి, కూతురి ఎదురుగా బాసింపట్టు వేసుకుని, "ఇప్పుడడుగు," అన్నాడు. టికెట్ల తనిఖీకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసి, పిల్ల అన్నం తినేసి లేచిపోయింది.

"రమ్మంటే వచ్చేస్తాయా ప్రశ్నలు?" అంది భార్య. "మీకేదైనా తెలుసుకోవాలనుంటే, అది దాన్ని అడగండి."

తనకి తెలుసుకోవాలని ఏముంది? పనిలో ఉన్నా అదే ఆలోచన. ఒక పాత భవనంలో లిఫ్టు బటన్ మారుస్తుంటే చటుక్కున తట్టింది. ఎక్కడైనా తలుపు మూసే బటనే ముందు అరుగుతుంది. జనానికి తొందర. ఇక్కడ మాత్రం ఎప్పుడూ తెరిచేది పోతుంది. ఇన్నేళ్లుగా మారుస్తున్నాడే గానీ, ఎందుకూ అని ఒక్కసారీ అనుకోలేదు.

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి కూతురికి చెప్పాడు. "ఎందుకంటావు?"

పిల్ల ముద్ద నోటిదాకా తెచ్చి ఆపింది. "దొంగేమో... ఊహూఁ, కాలు నొప్పున్న కుక్కేమో... నాన్నా, చూద్దాం పద!"

సెలవురోజున ఇద్దరూ ఆ లిఫ్టులో ఓ మూల నిలబడి పైకీ కిందకీ తిరిగారు. అతని జేబులో ఫోను మోగి మోగి ఊరుకుంది. కాసేపటికి ఇద్దరు పెద్దవాళ్లు కబుర్లాడుకుంటూ ఎక్కారు. మూడో అంతస్తులో ఒకాయన దిగాడు.

"ఉంటా బావా."

"మంచిది." తలుపులు దగ్గరపడ్డాయి. "అన్నట్టు బావా!" లోపలాయన తెరిచే బటన్ నొక్కాడు. మోకాళ్ల నొప్పుల సంగతి అయింది. తలుపులు మళ్లీ కదిలాయి. "అన్నట్టు, మన చిన్నాడు..." మళ్లీ నొక్కాడు.

తండ్రీకూతుళ్లకి నవ్వాగడం లేదు. చివరికి పిల్ల ముందుకెళ్లింది. "తాతా, నీ వేలు నొప్పెడుతుంది. బటన్ నేను నొక్కి పట్టుకుంటా, మీరు మాట్లాడుకోండి."

"బంగారు తల్లివి," అని ఆయన పక్కకి జరిగి, తీరిగ్గా మొదలుపెట్టాడు. పిల్ల వేలు నొప్పి పుడితే బటన్ తండ్రి నొక్కి పట్టుకున్నాడు. ఎట్టకేలకి కబుర్లు ముగిసి ఆయన పై అంతస్తుకి వెళ్లిపోయాడు. వీళ్లు కిందకి దిగి రోడ్డెక్కారు.

"నాన్నా, ఇంట్లో కూచుని మాట్లాడుకోవచ్చుగా వాళ్లు? గుమ్మంలోనే ఎందుకు?"

అతను నడుస్తున్నవాడల్లా నిలబడ్డాడు. "అవును సుమా! నాకు తట్టనే లేదు."

"అడుగుదామా?"

వెనక్కి వచ్చి చూస్తే లిఫ్టు మూడో అంతస్తులోనే ఆగి ఉంది. పైకెళ్లినాయన ఇంకేదో గుర్తొచ్చి మళ్లీ దిగినట్టున్నాడు. లిఫ్టు ఎంతకీ కిందకి రాలేదు. పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాక్కుపోయింది.