మగ్గం గుంత మీద టైల్స్

ఎక్కడ కూర్చునైనా పని చేసుకోవచ్చని కంపెనీ వాళ్ళు చెప్పిన మరుసటి వారమే రాఘవేంద్ర బెంగళూరులో గది ఖాళీ చేశాడు. ఆ తర్వాత నెల రోజులు ఎక్కడ కూర్చోవాలా అని వెతకడమే అతని పనైపోయింది. ఆ వెతుకులాట చూస్తుంటే వదిన సుజాతకు మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను ఒళ్ళు మండేది.

ముందు హిందూపురం. స్నేహితుడి మేడ మీద వారం రోజులున్నాడు. లారీల మోత, దుమ్ము, పైగా ఎవరిని పలకరించినా సగం కన్నడమే, బెంగళూరు వదిలినట్టే లేదన్నాడు. తర్వాత పెనుకొండ. కిటికీలోంచి కొండ కనిపిస్తోందని పొంగిపోయి ఇంట్లో అందరికీ ఫోటోలు పంపాడు. నాలుగో రోజు కోతులు చార్జరు ఎత్తుకుపోయాయి. ఐదో రోజు నెట్టు పోయింది. ఆ మర్నాడు ధర్మవరంలో తల్లి ముందు కూర్చుని ఫోనులో ఒక పట్టిక చూపించాడు. ఊరికిన్ని మార్కులట. నీళ్ళకు, నెట్టుకు, కరెంటుకు, కాఫీకి. కాఫీలో ధర్మవరానికి పదికి రెండు పడ్డాయి. అది చదువుతూ అతను తాగుతున్నది సుజాత పెట్టిన కాఫీ.

"ఈడే ఉంటాలేమ్మా," అన్నాడు. "మన ఇల్లుండగా ఇంకొకరి ఇంట్లో ఏంటికి?"

జయలక్ష్మమ్మకు కళ్ళనీళ్ళొచ్చాయి. పెద్దకొడుకు అమర్‌నాథ్ పట్టుచీరల అంగడిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ మాటకు తల ఊపి ఊపి అలవాటు పడినవాడు. ఇక్కడా ఊపాడు. చెప్పుకుంటే సిగ్గు, సుజాత కూడా సంతోషించింది. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే సందడిగా ఉంటుందనుకుంది.

ఆమె మగ్గం ముందు గదిలో ఉంది. నేలలో రెండడుగుల లోతు గుంత, గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా పడుగు, బిగించి పరిచిన నిలువు పోగులు. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచి, పదహారేళ్ళుగా ఆమె కూర్చున్న చోటు అది. ఉత్తరపు కిటికీలోంచి పడే వెలుతురుకు వెంట్రుకంత జరీ పోగు తెగినా తెలిసిపోతుంది. మండువేసవిలో కూడా ఆ గది చల్లగా ఉంటుంది. సరిగ్గా ఆ వెలుతురు, ఆ చల్లదనమే మరిది కంట్లో పడ్డాయి.

"వదినా, పదింటి నుంచి పదకొండున్నర దాకా కాల్ ఉండాది. రోంత మగ్గం ఆపు," అని మొదలుపెట్టాడు. తర్వాత మధ్యాహ్నం కూడా ఆపమన్నాడు. ఆ తర్వాత నోటితో చెప్పడం మానేసి గడపలో నిలబడి ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి చూపించేవాడు. సుజాత అడ్డపోగు నడిపే నాడె చేతిలో పట్టుకుని అలాగే కూర్చునేది. పది రోజుల్లో దిగే చీరకు పంతొమ్మిది రోజులు పట్టింది.

ఒకనాడు అన్నం తింటూ అసలు మాట బయటపెట్టాడు.

"అన్నా, మగ్గం ఎనక రేకుల షెడ్డులోకి మారిస్తే ఈ గది నాకు పనికొస్తాది. నేసేదే కదా, యాడైనా అదే పని."

"యాడ పడితే ఆడ గుంత తవ్వితే కాదప్పా," అంది సుజాత. "ఆడ వానొస్తే నీళ్ళూరతాయి. వెలుతురు కూడా ల్యాదు."

"లైటు వేయిస్తాలే వదినా."

"రాకరాక వచ్చినాడు మే, వానికి అడ్డం చెప్పొద్దు," అంది జయలక్ష్మమ్మ.

సుజాత మొగుడి వైపు చూసింది. అమర్‌నాథ్ పెరుగు కలుపుకుంటూ, "నాలుగు దినాలు సర్దుకో," అన్నాడు.

మేస్త్రి పుల్లన్న వచ్చి షెడ్డులో కొత్త గుంత తవ్వాడు. ఆ మట్టితోనే పాత గుంత పూడ్చి, పైన సిమెంటు పోసి, మొహం కనిపించేంత నున్నటి టైల్స్ పరిచాడు. "వాడకంలో ఉండే గుంతను ఎవురన్నా పూడుస్తారేమ్మా?" అని అడిగాడు. "ఆ అబ్బి ఉద్యోగానికి," అని చెప్పి సుజాత అతనికి టీ ఇచ్చింది. ఆ టీ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే రోత పుట్టేది.

అక్టోబరులో మూడు రోజులు ఎడతెరపి లేకుండా వాన పడింది. కొత్త గుంతలో పిక్కల దాకా నీళ్ళు ఊరాయి. సుజాత మోకాళ్ళ మీద కూర్చుని చెంబుతో తోడి బక్కెట్లో పోస్తుంటే రాఘవేంద్ర గొడుగు పట్టుకుని, చంకలో లాప్‌టాప్‌తో షెడ్డులోకి వచ్చాడు.

"మా టీమోళ్ళు మగ్గం చూడాలంటాండారు. ఒక్క నిమిషం నేయి వదినా."

తెర నిండా చిన్నచిన్న గళ్ళు, గడికొక మొహం. ఎవరో ఒకామె చెయ్యి ఊపింది. సుజాత తడిచేతులు తుడుచుకుని, పైట సర్దుకుని, ఆ చన్నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుని నాలుగు పోగులు నేసింది. నవ్వింది కూడా. మరిది ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. తమ కుటుంబం, తమ సంప్రదాయం అని గొప్పలు పోతున్నాడని మాత్రం అర్థమైంది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చూసిందామె. నీళ్ళు కనిపించకుండా అతను లాప్‌టాప్‌ను ఒడుపుగా పైకెత్తి పట్టుకున్నాడు. అంటే ఆ నీళ్ళను అతను చూడకపోలేదు. అతను వెళ్ళిపోయాక సుజాత, ఎందుకు నవ్వానా అని తన్ను తాను తిట్టుకుంటూ నీళ్ళు తోడింది.

షెడ్డు తేమకు మగ్గం మీదున్న చీర అంచు పొడవునా జానెడేసి మరకలు దిగాయి. నేతకు పడుగు ఇచ్చి కూలి కట్టే షావుకారు చీరను వెలుతురుకు పట్టి చూసి మడిచి పక్కన పెట్టాడు. "ఆరిన చోటు చూసుకోని చెప్పమ్మా. అంతవరకు నీకు పడుగు ఇయ్యలేను," అన్నాడు. పదహారేళ్ళలో సుజాత వట్టి చేతులతో ఇంటికి రావడం అదే మొదలు.

ఆ వారంలోనే రాఘవేంద్ర పెట్టె సర్దుకున్నాడు. ఇక్కడ బోరు కొడుతోందట. కూర్గులో కాఫీ తోటల మధ్య ఇల్లు దొరికిందట. "నెలకోసారి వస్తాంటా, నా టేబులు కదిలించొద్దండి," అని గదికి తాళం వేసి తాళంచెవి తల్లి చేతిలో పెట్టాడు. జయలక్ష్మమ్మ రోజూ తాళం తీసి, ఆ టైల్స్ తుడిచి, మళ్ళీ తాళం వేసి చెవి బొడ్లో దోపుకునేది.

సుజాత పదిహేను రోజులు చూసింది. షెడ్డు గుంత ఆరలేదు. చివరికి మరిదికి ఫోను చేసింది.

"మగ్గం మళ్ళా ముందు గదిలో పెట్టుకుంటానప్పా. నాకు పడుగు ఇయ్యడం నిలిపేసినారు."

"నా సెటప్ అంతా ఆడే ఉండాది కదా వదినా. నువ్వే రోంత అడ్జస్టు కావాల. మనసుంటే యాడైనా పని చేసుకోవచ్చు."

"ఛీ!" అంది సుజాత. ఆ ఇంటి మనుషుల్లో ఎవరినైనా ఆ మాట అనడం ఆమెకు తొలిసారి. అతనికి వినిపించిందో లేదో గానీ ఆమెకు మాత్రం ప్రాణం కుదుటపడింది.

"తాళంచెవి ఇయ్యత్తా," అంది అత్త దగ్గరికొచ్చి. తుడుస్తుందేమో అనుకుని జయలక్ష్మమ్మ ఇచ్చింది. సుజాత కుర్చీని వరండాలో పడేసి, టేబులును గోడకు నెట్టి, గునపం తెచ్చి గది నడుమ ఒక్క పోటు పొడిచింది.

"అయ్యయ్యో! నా బిడ్డ ముచ్చటపడి వేయించుకున్నాడే!"

"నీ బిడ్డ రెండు నెలలు కూచున్నాడు ఈడ. నేను పదహారేండ్లు కూచున్నా. నాకు ముచ్చట్లు ఉండవా అత్తా?"

మధ్యాహ్నం అమర్‌నాథ్ తెల్లచొక్కాతో భోజనానికి వచ్చి గడపలోనే ఆగిపోయాడు. అప్పటికి ఏడు టైల్స్ పోయాయి, అర అడుగు మట్టి లేచింది. సుజాత గునపం మీద బరువు వేసి నిలబడి ఎదురుచూసింది. మంచిపని చేసినావు అనకపోయినా పర్లేదు, నీ చేతులు బొబ్బలెక్కినాయే అన్నా చాలుననుకుంది.

అమర్‌నాథ్ గది నాలుగు మూలలా చూశాడు. "టేబులు కిందివి పగలగొట్టొద్దు," అన్నాడు. "ఆ మాత్రం చోటన్నా ఉండనీ. వాడొస్తే బాధపడతాడు."

సుజాత టేబులును ఒక్క తోపు తోసి, దాని కింద ఉన్న టైల్స్ మూడూ వరసగా పగలగొట్టింది. ఒక పెచ్చు ఎగిరి అతని చొక్కాకు తగిలింది. తర్వాత ఖాళీ గంపను కాలితో అతని ముందుకు నెట్టింది.

"మట్టి ఎత్తు."

అతను తల్లి వైపు చూశాడు. జయలక్ష్మమ్మ గోడ వైపు తిరిగింది. ఇక చూడ్డానికి ఎవరూ లేక, చొక్కా చేతులు మడుచుకోబోయాడు.

"మడిస్తే చాలదు, విప్పు," అంది సుజాత. "ఇంకా అడుగున్నర లోతు ఉండాది."