కూర్చోనివ్వని చిప్పు

"ఆ గాటును బియ్యపుగింజంత పక్కకు జరపమ్మా. అంతే, ఇంకేం వద్దు" అన్నాడు సన్నాయి, టీ కప్పు బల్ల మీద పెడుతూ. కుర్చీ కాస్త జరపమన్నంత తేలిగ్గా అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సన్నాయి అంటే మా మేనేజరు. గొంతెత్తడు, ఎవర్నీ తిట్టడు, చెప్పదలుచుకున్నదంతా సన్నాయి నొక్కులు నొక్కుతూనే చెబుతాడు. ఆ పేరు పెట్టింది నేనే. ముక్కు మీద కోపం ఉన్నదాన్ని కాబట్టి ఆయనా నాకేదో ఒక పేరు పెట్టే ఉంటాడు. అదింకా నా చెవిన పడలేదు.

నా పని ప్రాసెసర్ అడుగుభాగం గీయడం. ప్రాసెసర్ అంటే అరచేతిలో ఇమిడే ఒక పలక, మా భాషలో చిప్పు. కంప్యూటర్ చేసే ఆలోచనంతా అందులోనే జరుగుతుంది. ఆ పలక, కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు మీది సాకెట్లో కూర్చోవాలి. పలక అంచున చిన్న గాటు, సాకెట్లో దానికి సరిపోయే బొడిపె ఉంటాయి. రెండూ కలిస్తేనే చిప్పు కూర్చుంటుంది. ఎవరైనా తిరగేసి పెట్టి కాల్చుకుంటారేమోనని మంచికోసం చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు సరిగ్గా పెట్టేవాళ్లను కూడా అడ్డుకోవడానికి దాన్ని వాడమంటున్నాడు. గాటు జరిగితే మేం చేస్తున్న కొత్త చిప్పు పాత బోర్డులో కూర్చోదు. చిప్పు కావాలంటే బోర్డు కొనాలి, బోర్డు మారితే మెమరీ మారాలి. చివరికి పాత కంప్యూటర్లో పనికొచ్చేది దాని డబ్బా ఒక్కటే.

"కొత్త చిప్పు పాత బోర్డులో చక్కగా నడుస్తోంది కదా సర్. ల్యాబులో రోజూ చూస్తున్నాం. ఎందుకు జరపాలి?" అన్నాను.

"జనం కొత్తవి కొనడం మానేశారమ్మా. ఎప్పుడో కొన్న చిప్పుతో హాయిగా పని చేసుకుంటున్నారు. అంత బాగా చేసి చెడ్డాం మనం."

"అయితే ఇంకా బాగా చేద్దాం."

"చేశాంగా! చిప్పులో లెక్కలు చేసే కోర్లలో బరువు పనికి పెద్దవి పెట్టాం, తేలిక పనికి చిన్నవి పెట్టాం, కరెంటు తగ్గించాం, వేడి తగ్గించాం. ఉత్తరాలు టైపు చేసుకునేవాడికి ఇవన్నీ ఎందుకు చెప్పు? వాడికి అవసరం లేదు. అవసరం లేనిచోట అవసరాన్ని కూడా మనమే డిజైన్ చెయ్యాలి."

"మరి పోయినసారి డీలర్ల ముందు నన్ను నిలబెట్టి ఏం చెప్పించారు? 'ఈ బోర్డు కొనండి, వచ్చే చిప్పు కూడా ఇందులోనే కూర్చుంటుంది' అని చెప్పించలేదూ?"

"అప్పటి మాట అప్పటిది. ఇప్పుడు టెక్నాలజీ మారిందని చెబుదాం."

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. టెక్నాలజీ మారలేదు. మారి ఉంటే నాకు తెలియకుండా మారదు, ఆ అడుగుభాగం గీసిందే నేను. నేను జరపనని చెప్పి లేచి వచ్చేశాను. తలుపు కాస్త గట్టిగానే వేశాను.

ఏం లాభం? మధ్యాహ్నానికల్లా నా పక్క సీటువాడు జరిపేశాడు. మౌసుతో పట్టుకుని గాటును అలా లాగి ఇలా వదిలాడు. "నీకు సిగ్గు లేదురా?" అన్నాను. "నేను కాకపోతే ఇంకొకరు చేస్తారు, నువ్వు అరిచి ఆరోగ్యం పాడుచేసుకోకు" అన్నాడు. వాడన్నది నిజమే కావడం వల్ల నా కోపం ఇంకా పెరిగింది.

నా బాధ కంపెనీ గురించి కాదు. కంపెనీలు మాట తప్పడం కొత్తా? నా బాధంతా నా తమ్ముడి గురించి.

వాడిది కంప్యూటర్లు బిగించి అమ్మే కొట్టు. ఇరుకు గది, గోడ నిండా కేబుళ్లు, బల్ల మీద అయస్కాంతానికి అతుక్కున్న స్క్రూలు. ఎవరొచ్చినా ముందు "మీరేం పని చేస్తారండీ?" అని అడుగుతాడు. అది విన్నాక "మీకు కొత్తది అక్కర్లేదు, దుమ్ము దులిపిస్తే చాలు" అని పంపిన సందర్భాలే ఎక్కువ. ఇలా అయితే కొట్టు మూసుకోవాల్సిందేనని నేను ఎగతాళి చేస్తే, "నా మాట నమ్మి వస్తారక్కా, అదే నా సరుకు" అనేవాడు. అలాంటివాడు నేను వేదిక మీద చెప్పిన మాట విని, అదే మాట తన ఖాతాదారులందరికీ చెప్పాడు. మా అక్కే గీస్తోంది, ఈ బోర్డు తీసుకోండి, రేపు ఒక్క చిప్పు మార్చుకుంటే చాలు అని.

అలా నమ్మినవాళ్లలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడ ఒకరు. తన ఆఫీసులో పనిచేసే పిల్లలందరికీ ఆ బోర్డులే పెట్టించింది. గోడలూ మెట్లూ అన్నీ కట్టినట్టే తెర మీద తిప్పి చూపించాలి ఆవిడ. పని పెరిగింది, పాత చిప్పులు రొప్పుతున్నాయి. కొత్త చిప్పు నిజంగా అవసరమైన మనిషి ఎవరైనా ఉంటే ఆవిడే.

గాటు సంగతి ఎలా పొక్కిందో, పొక్కింది. ఆ ఆదివారం నేను తమ్ముడి కొట్లో కూర్చుని ఉండగా ఆవిడ వచ్చింది. సంచీ బల్ల మీద పెట్టి నిలబడే అడిగింది.

"కొత్త చిప్పు నా బోర్డుల్లో కూర్చోదటగా?"

"అలా అనుకుంటున్నారండీ. ఇంకా తేలలేదు" అన్నాడు తమ్ముడు.

"నాకు నాన్చుడు మాటలు వద్దు బాబూ. నువ్వు అబద్ధం చెప్పావా, మీ అక్క చెప్పిందా? ఒక్కటి చెప్పు, వెళ్లిపోతాను."

తమ్ముడు నా వైపు తిరిగాడు. "అక్కా, నిజంగా కూర్చోదా?"

చిప్పు విడుదలయ్యేదాకా నోరు విప్పకూడదని కంపెనీకి రాసిచ్చి ఉన్నాను. మింగలేక కక్కలేక, "కంపెనీ చెప్పేదాకా నేనేం మాట్లాడకూడదురా" అన్నాను.

"కొనమని చెప్పినప్పుడు మాట్లాడావుగా?" అన్నాడు వాడు. గట్టిగా అనలేదు. ఆవిడ సంచీ తీసుకుని వెళ్లిపోయింది. వాడు ఒక స్క్రూ తీసి అయస్కాంతానికి పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. మాట తప్ప వేరే సరుకు లేనివాడి మాట నా నోటి వల్ల పోయింది. ఇంటికి వెళ్లేదారిలో ఎర్రలైటు దగ్గర నా ముందు ఆగిన కారువాడిని కూడా తిట్టాను, పాపం వాడేం చేశాడు.

మా ల్యాబుకో అలవాటుంది. కొత్త చిప్పును ముందు కొత్త బోర్డు మీద పెట్టం. రెండూ కొత్తవైతే, ఆగిపోయినప్పుడు తప్పు దేనిదో తెలియదు. అందుకని శాంపిల్ చిప్పులకు రెండు చోట్లా గాట్లు పెట్టిస్తాం, పాత చోటా, కొత్త చోటా. ముందు నమ్మకమున్న పాత బోర్డులో కూర్చోబెట్టి అన్ని పరీక్షలూ చేస్తాం, తర్వాతే కొత్త బోర్డు. ఈసారి ఆ తర్వాత అనేది రాలేదు. కొత్త బోర్డులు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవి వచ్చినట్టే మొరాయించాయి. ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, తెర వెలగదు. డీలర్ల సమావేశం ముంచుకొచ్చింది. కొత్త చిప్పు ఎంత వేగంగా ఉందో చూపించడానికి వేదిక మీద ఒక కంప్యూటర్ నడవాలి.

"పాత బోర్డులోనే పెట్టి డబ్బా మూత బిగించెయ్యండి. లోపలకు ఎవడు తొంగి చూస్తాడు?" అన్నాడు సన్నాయి. మూత బిగించింది కూడా నా పక్క సీటువాడే. ఇలాంటి పనులకు వాడు పెట్టింది పేరు.

సమావేశం నాడు హాలు నిండిపోయింది. వేదిక మీద నల్ల డబ్బా గుయ్‌మంటోంది, వెనక పెద్ద తెర మీద ఒక భవనం గిర్రున తిరుగుతోంది. అద్దాలు, నీడలు, ఎక్కడా తడబాటు లేదు. ఆ తిరుగుడు చూస్తే నాకు కడుపు నిండింది, ఆ మాట దాచను. ఆ చిప్పు బంగారం. ఎంతమందిమి ఎంతకాలం పడ్డ కష్టమో అది. అంత మంచి చిప్పును పట్టుకుని జనం మెడ మీద కత్తిలా పెడుతున్నారన్నదే నా మంట.

సన్నాయి మైకు పట్టుకుని చెబుతున్నాడు. "దీనికి కరెంటు అందించే పద్ధతే వేరు. పాత బోర్డు తట్టుకోలేదు, కాలిపోతుంది. మీ ఖాతాదారుల క్షేమం కోసమే సాకెట్ మార్చాం."

క్షేమమట! చెవిలో పువ్వులు పెట్టడానికైనా ఒక హద్దుండాలి.

వెనక వరుసలోంచి తమ్ముడు లేచాడు. డీలరు కాబట్టి వాడినీ పిలిచారు.

"వచ్చే చిప్పు పాత బోర్డులోనే కూర్చుంటుందని పోయినసారి ఇదే వేదిక మీద అన్నారండీ. నేను అదే మాట నలుగురికీ చెప్పాను. ఇప్పుడు నిజంగానే కూర్చోదా?"

సన్నాయి నవ్వాడు. "మీ అక్కగారేగా గీసింది? ఆవిణ్నే అడుగుదాం. చెప్పమ్మా, మీ తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పు." మైకు నా చేతికిచ్చాడు. ఇంతమందిలో, ఉద్యోగం పోయేలా నోరు జారనని ఆయన ధీమా. తమ్ముడు నన్నే చూస్తున్నాడు. కొట్లో చూసినట్టే చూస్తున్నాడు.

"కూర్చుంటుంది" అన్నాను.

"కూర్చుంటుంది, కాలదు. ఇప్పుడు మీరంతా చూస్తున్నది పాత బోర్డు మీదే నడుస్తోంది" అని మైకు బల్ల మీద పెట్టి, డబ్బా వెనక స్క్రూలు చేత్తోనే తిప్పడం మొదలుపెట్టాను. "అమ్మా, అమ్మా" అంటున్నాడు సన్నాయి, అప్పుడు కూడా గొంతెత్తకుండా. మూత లాగి నేల మీద పడేశాను. లోపల నీలం రంగు రేకులతో పాత బోర్డు కనబడింది. వెనక తెర మీద భవనం తిరుగుతూనే ఉంది. ఆ నీలం రేకులు ఆ హాల్లో తెలియనివాడు లేడు, అందరూ అమ్మినవే.

"మన బోర్డే!" అన్నారెవరో.

ఇప్పుడు అయిపోతుంది సన్నాయి పని అనుకున్నాను. కుర్చీలు లేస్తాయి, కేకలు లేస్తాయి, గాటు మళ్లీ పాతచోటికి వస్తుంది అనుకున్నాను. నా పిచ్చి గానీ.

ముందు వరుసలో అందరికంటే పెద్ద డీలరు, వయసులో మా నాన్నంత మనిషి, తాపీగా అన్నాడు. "ఆ సంగతి మాకు మాత్రం తెలీదా తల్లీ? మూత పెట్టెయ్యి. కొత్త బోర్డులు రాకపోతే మేం ఏం అమ్ముకుంటాం?"

ఒకరు నవ్వారు. ఆ పక్కనాయనా నవ్వాడు. నవ్వు హాలంతా పాకింది, వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. సన్నాయి మైకు తీసుకుని, "మా ఇంజనీర్లకు వాళ్ల చిప్పంటే అంత ప్రేమండీ" అని మళ్లీ బల్ల మీద పెట్టాడు. నవ్వు ఇంకా పెరిగింది. నాకు ఏడుపొచ్చింది. కోపమొస్తే ఏడుపొచ్చే మనిషిని నేను, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ నవ్వేవాళ్లందరినీ ఒక్కొక్కరినీ లాగి కొట్టాలనిపించింది. దొంగకు తాళం చూపిస్తే దొంగ నవ్వుతాడు, సరే. తాళం కొన్నవాళ్లు కూడా నవ్వుతారా?

కొన్నవాళ్లు ఆ హాల్లో లేరని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

నాకంటే ముందే తమ్ముడికి తట్టినట్టుంది. నవ్వుల మధ్యలోంచి నడుచుకుంటూ వేదిక ఎక్కాడు. డబ్బాలోకి వంగి ఒకసారి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేసి, మరో చేత్తో ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి బల్ల మీది మైకు దగ్గర ఉంచాడు. ప్లాన్లు గీసే ఆవిడ గొంతు హాలంతా వినబడింది.

"ఏం బాబూ?"

"మేడమ్, ఆ రోజు మీరడిగినదానికి జవాబు చెబుదామని. మా అక్క అబద్ధం చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చిప్పు మీ బోర్డులో కూర్చుంటుంది. ఇప్పుడే కళ్లారా చూశాను."

"నాకు తెలుసు నువ్వు అలాంటివాడివి కాదని! అయితే ఎప్పుడు తెచ్చి పెడతావు?"

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "పెట్టలేనండీ. కూర్చుంటుంది గానీ కూర్చోనివ్వరు."

హాల్లో నవ్వు ఆగిపోయింది.

"కూర్చోనివ్వరా? ఎవరు?" అంది ఆవిడ.

తమ్ముడు ఫోన్ ఎత్తి సన్నాయి మొహం ముందు పెట్టాడు. "ఇక్కడే ఉన్నారు. మీరే అడగండి."

సన్నాయి ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. ముందు వరుస వైపు చూశాడు, అక్కడ పెద్ద డీలరు తల దించుకుని బూట్లు చూసుకుంటున్నాడు. సన్నాయి చెయ్యి చాచి మైకు ఆపేశాడు. ఫోన్‌లో ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది.