చివరి ముద్ద

రెబెర్ ఊళ్ళో ఉత్తరాలు పంచే తదేయకి ముప్పై తొమ్మిదో ఏట వేట మీద మనసు పోయింది. ఈ వయసులో ఇదేం బుద్ధి అని అడిగినవాళ్ళకి ఆమె ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది. అసలు సంగతి చాలా చిన్నది. ఇరవై ఏళ్ళుగా పసుపు మోపెడ్ మీద అడవి అంచునే తిరుగుతోంది. పొద్దుటి మంచులో జింకలు తలెత్తి ఆమెని చూసి, ఉత్తరాల మనిషేలే అన్నట్టు మళ్ళీ మేతలో పడేవి. అవి తనని గుర్తుపడుతున్నాయి గానీ తనకే వాటి గురించి ఏమీ తెలీదనిపించింది. తెలుసుకోవాలంటే ఆ ఊళ్ళో ఉన్న బడి వేటగాళ్ళ సంఘం ఒక్కటే. అందులో ఇరవై ఆరుగురు మగాళ్ళు. ఆడమనిషన్నది గోడ మీద ఫొటోల్లో కూడా లేదు.

ఆమెని ఆ గుమ్మం ఎక్కించినవాడు ఫెలిక్స్. రంపపుమిల్లులో పనిచేసి మానేసిన డెబ్భై ఏళ్ళవాడు, కుడి మోకాలు పాడైనవాడు, మొండివాడు. మూడు సమావేశాల్లో ఆమె కోసం బల్ల గుద్ది వాదించాడు. ఎదురు వాదించినవాడు రాడో. గాయపడి పారిపోయిన జంతువుని వాసన పట్టి వెతికే కుక్క ఆ చుట్టుపక్కల అతని దగ్గరే ఉంది, అందుకని అతని మాటకి బరువెక్కువ. "ఉత్తరం పక్కింట్లో పడితే పక్కింటివాళ్ళు తెచ్చిస్తారు. గుండు పక్కన పడితే ఎవరు తెచ్చిస్తారు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఫెలిక్స్ నవ్వలేదు. ఈ అమ్మాయి పూచీ నాది, తప్పు చేస్తే నన్నడగండి అని అందరి ముందూ సంతకం పెట్టాడు.

ఏడాదిపాటు తదేయ తుపాకి ముట్టుకోలేదు, ముట్టుకోనివ్వరు కూడా. చలికాలం ఎండుగడ్డి మోసింది, చెట్ల మొదళ్ళలో జింకలు నాకే ఉప్పు రాళ్ళు పెట్టింది, మంచెలకి మేకులు కొట్టింది. ఫెలిక్స్ ఆమెకి కాల్చడం కంటే కాల్చాక ఏం చెయ్యాలో ఎక్కువ నేర్పాడు. పది నిమిషాలు కదలకూడదు. తర్వాత దిగి, జింక నిలబడ్డ చోట మోకాళ్ళ మీద వెతకాలి. నురగ రక్తం కనిపిస్తే ఊపిరితిత్తులు. రక్తంలో నమిలిన పచ్చిక కలిసి ఉంటే కడుపు. కడుపైతే వెంటపడి తరమకూడదు, గుర్తుగా అక్కడో కొమ్మ గుచ్చి, రాడోకి ఫోన్ చెయ్యాలి. మూడు నాలుగు గంటలాగి కుక్క బయల్దేరుతుంది. ఇదంతా ఆమె పరీక్షలో గుక్కతిప్పుకోకుండా అప్పచెప్పింది, మంచి మార్కులు తెచ్చుకుంది.

మే నెల మొదటి గురువారం సెలవు పెట్టుకుని, చీకటితోనే తుపాకితో మంచెక్కింది. నిచ్చెన ఎక్కలేని ఫెలిక్స్ మిట్టకి అవతల గడ్డిపాకలో కూర్చున్నాడు. ఆరవుతుండగా ఏడాది వయసున్న పోతుజింక ఒకటి పొదల్లోంచి బయటికొచ్చింది. కొమ్ములింకా వేలెడు కూడా లేవు. తదేయ గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే తుపాకి గొట్టం దానితోపాటు ఊగింది. ఆగాల్సింది. ఆగితే అది వెళ్ళిపోతుందేమో అనిపించింది, అంతే, కాల్చేసింది. జింక వీపు విల్లులా వంచి, వెనక కాళ్ళు ఒక్కసారి విదిల్చి పొదల్లోకి దూరింది.

పది నిమిషాలు కాదు, మూడు నిమిషాలు కూడా ఆగలేకపోయింది. దిగి పరిగెత్తింది. గడ్డి మీద చిటికెడు వెంట్రుకలున్నాయి. పక్కన రూపాయంత రక్తం మరక, అందులో నమిలిన పచ్చిక. మోకాళ్ళ మీద కూర్చుని ఆ మరకని చూస్తూ ఉండిపోయింది. పుస్తకంలో బొమ్మ ఎలా ఉందో అలాగే ఉంది.

సంఘంలో గుండు తప్పితే నవ్వుతారు. తప్పినవాడు అందరికీ ఓ పెట్టె బీరు పోయిస్తాడు, వారంపాటు వేళాకోళం పడతాడు, దాంతో సరి. కడుపులో కాలిస్తే మాత్రం ఎవరూ నవ్వరు. ఆ మాట వచ్చినప్పుడు గ్లాసులు కింద పెట్టి గోడ వైపు చూస్తారు. రాడో కుక్కని వెంటబెట్టుకుని వస్తాడు, ఏమీ అనడు. ఆ అనకపోవడం తదేయ ఇంకొకరి విషయంలో ఒకసారి చూసింది. ఫెలిక్స్ కుంటుకుంటూ మిట్ట ఎక్కుతున్న చప్పుడు వినిపించేసరికి వెంట్రుకలు తీసి జేబులో వేసుకుంది, మరక మీద బూటుకాలు పెట్టి తిప్పింది.

"గుండు తప్పింది బాబాయ్. వీపు మీంచి వెళ్ళిపోయింది."

"బాగా చూశావా?"

"చూశాను. ఏం లేదు."

ఫెలిక్స్ తన కాలి వంకా ఏటవాలు వంకా చూసుకున్నాడు. ఆ వంద అడుగులు దిగి ఎక్కాలంటే అతనికి ప్రాణం మీదికొస్తుంది. సరేలే, నా మొదటి గుండు పక్కూరి పందిరి గుంజకి తగిలింది అని చెప్పి నవ్వించబోయాడు. ఆమె నవ్వింది కూడా.

ఆ సాయంత్రం బీరు పెట్టె కొని తెచ్చింది. రాడో ఆమె గ్లాసుకి గ్లాసు తాకించి, పర్లేదు, నీ ఉత్తరాలు మాత్రం సరిగ్గానే వస్తున్నాయన్నాడు. మొదటిసారి అతను ఆమెతో మనిషిని మనిషి ఏడిపించినట్టు మాట్లాడాడు. ఇరవై ఆరుగురి నవ్వు మధ్య ఆమె కూర్చుంది, వాళ్ళు ఆమెని తమలో ఒకరిగా చేసుకున్నారు. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా వెంట్రుకలు వేళ్ళకి తగులుతున్నాయి. ఇప్పుడైనా చెప్పొచ్చు, కుక్క ఇప్పటికీ వెతకగలదు అని ఆమెకి తెలుసు. తెలిసే ఇంకో గ్లాసు పోయించుకుంది. సిగ్గులేని మనిషని ఎవరినైనా అనాలంటే ఆ రోజు ఆమెనే అనాలి, ఆ మాట తనని తాను చాలాసార్లు అనుకుంది కూడా.

శుక్రవారం ఉత్తరాల సంచితో బయల్దేరింది. ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు తప్పిన గుండు గురించి అడిగారు. పదిన్నరకి ఊరి చివర పావ్లా అవ్వ ఇంటికి చేరింది. ఎనభై దాటిన అవ్వ, తేనెటీగలు పెంచుతుంది. ఆ రోజు ఆమెకి ఉత్తరాలేమీ లేవు, అయినా గేటు దగ్గర నిలబడి ఎదురుచూస్తోంది.

"తేనెపెట్టెల వెనక ఓ జింక కూర్చుంది తల్లీ. పొద్దున్నించీ లేవట్లేదు. అదిలించినా చూస్తోంది గానీ కదలదు. నువ్విప్పుడు వేటగత్తెవి కదా, దానికేమైందో నీకు తెలుస్తుంది."

తెలిసింది. చూడకముందే తెలిసింది. తేనెపెట్టెల నీడలో పోతుజింక కాళ్ళు మడుచుకుని కూర్చుంది, మెడ నిటారుగా పెట్టుకుని ఉంది. కుడి పక్క పొట్ట మీద వెంట్రుకలు నల్లగా అట్టకట్టి ఉన్నాయి, ఈగలు ముసురుతున్నాయి. ఆమెని చూసి చెవులు తిప్పింది. లేవబోయి మళ్ళీ కూలబడింది. ఇరవై ఎనిమిదిన్నర గంటలు. తదేయ అక్కడే నిలబడి లెక్కవేసింది, ఆ లెక్క తప్ప ఇంకేమీ తలలోకి రాలేదు.

ఫెలిక్స్‌కి ఫోన్ చేసింది. నేనే కాల్చాను బాబాయ్, తుపాకి తీసుకుని రా, అంది.  వస్తున్నానన్నాడు.

వచ్చాడు. చూశాడు. ఆమె జేబులోంచి వెంట్రుకలు తీసి చూపిస్తే వాటి వంక చూడలేదు. తుపాకి ఆమె చేతికిచ్చి, మొదలుపెట్టినదానివి నువ్వే పూర్తి చెయ్యి అన్నాడు. ఈసారి గొట్టం ఊగలేదు. మెడలో ఒక్క గుండుతో జింక తల వాల్చేసింది. ఇంత తేలికైన పనా ఇది అనుకుని ఆమెకి ఏడుపొచ్చింది.

ఫెలిక్స్ దేవదారు కొమ్మ విరిచి సగం ఆమెకిచ్చాడు. చచ్చిన జంతువు నోట్లో పచ్చటి కొమ్మ పెట్టడం అక్కడి ఆచారం. దాన్ని చివరి ముద్ద అంటారు. చంపినవాడి చేత్తో పెట్టే ముద్ద, క్షమించమని అడగడం. తదేయ దవడలు విడదీసింది. నాలుక ఎండి అట్టలా ఉంది. నిన్నటి నుంచి ఒక్క పరక కూడా మింగని నోట్లో ఆ కొమ్మ పెట్టింది, అది జారి పడిపోయింది. మళ్ళీ పెట్టింది.

ఫెలిక్స్ అక్కడే పొట్ట చీల్చి పేగులు తీసి, లోపల నీళ్ళతో కడిగాడు. వాసనకి అవ్వ ముక్కు మూసుకుని లోపలికి పోయింది. చేతులు తుడుచుకుంటూ అతను తదేయ మొహం చూడకుండా చెప్పాడు.

"ఎవరడిగినా, ఇవాళ పొద్దున్న అడవి అంచున కాల్చావు. మెడలో, ఒకటే గుండు. సాయంత్రం నీకు మొదటి వేట దెబ్బలు వేయిస్తాను."

"వద్దు బాబాయ్."

"నీ పూచీకి సంతకం పెట్టినవాణ్ణి నేను. ఆ చోటు నేనూ దిగి చూడాల్సింది, చూడలేదు. రాడో ముందు నన్ను నిలబెట్టకు అమ్మాయ్."

 తలూపింది.

మొదటి జంతువుని కొట్టినవాళ్ళకి అక్కడ దెబ్బలు వేస్తారు. వేటగాడు తన జంతువు మీద బోర్లా పడుకోవాలి. ముందు ఒక ఉత్తుత్తి న్యాయస్థానం నడుస్తుంది, ఒకడు లేనిపోని నేరాలన్నీ మోపుతాడు, కొత్తవాడు అన్నిటికీ ఒప్పుకోవాలి. తర్వాత బెత్తంతో మూడు దెబ్బలు. మూడూ పడ్డాకే వేటగాడు. అంతదాకా ఎన్ని పరీక్షలు గట్టెక్కినా లెక్కలోకి రాడు.

సాయంత్రం సంఘం వాళ్ళ వేట ఇంటి ముందు దేవదారు కొమ్మలు పరిచి జింకని పడుకోబెట్టారు. ఎప్పుడైనా కుడివైపుకే పడుకోబెడతారు, గుండె ఉన్న వైపు పైకి రావాలని. కుడి పొట్ట మీది రంధ్రం అడుగుకి పోయింది, పైన మెడ మీది ఒక్క గాయమే అందరికీ కనపడుతోంది. ఆచారం కూడా తన అబద్ధానికి కాపు కాసిందనుకుంది తదేయ. ఫెలిక్స్ మిగిలిన సగం కొమ్మ, వేట దక్కిందనడానికి గుర్తుగా, ఆమె టోపీకి గుచ్చాడు. లోపల మాంసం పులుసు ఉడుకుతోంది, మొక్కజొన్న సంకటి కలుపుతున్నారు. అందరూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు.

ఆమె బోర్లా పడుకుంది. చల్లబడ్డ బొచ్చు చెంపకి గుచ్చుకుంది. నేరాలు మోపే వంతు రాడోది. ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని గొంతు సవరించుకున్నాడు. ఈ మనిషి జింకకి ముందుగా ఉత్తరం రాసి, ఫలానా చోట నిలబడమని చెప్పి రప్పించిందన్నాడు. ఒప్పుకుంటున్నావా? ఒప్పుకుంటున్నానంది. నిన్నటి గుండుతో ఆకాశానికి చిల్లు పెట్టిందన్నాడు. పక్కన ఎవరో పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఇంకేమైనా దాచిన నేరం ఉంటే చెప్పుకో అన్నాడు రాడో. అది కూడా ఆటలో మాటే, ప్రతివాణ్ణీ అడిగేదే.

జింక కింద ఆమె చెయ్యి ఆ రంధ్రానికి తగిలింది.

"నిన్న గుండు తప్పలేదు," అంది. "కడుపులో తగిలింది. తప్పిందని చెప్పాను."

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి. బాగా ఆడుతోందే అన్నాడొకడు. ఆ నవ్వుల్లో ఇంకోసారి తప్పించుకోవచ్చు. నోరు మూసుకుంటే చాలు, మూడు దెబ్బలు పడతాయి, లేచి పులుసు తినొచ్చు. ఆమె అలా పడుకునే జేబులోంచి వెంట్రుకలు తీసి అరచేయి తెరిచింది. నమిలిన పచ్చిక అంటుకుని ఆకుపచ్చగా ఎండిపోయి ఉన్నాయి.

అందరికంటే ముందు రాడోకి అర్థమైంది. కళ్ళజోడు తీసేసి వంగి, ఆ వెంట్రుకలు వేళ్ళతో నలిపి, వాసన చూశాడు. జింక వెనక కాలు పట్టుకుని కొంచెం పైకెత్తి కింది వైపు చూశాడు. మళ్ళీ మెల్లిగా దించాడు.

"ఎన్నింటికి కాల్చావ్?"

"ఆరింటికి."

"ఎప్పుడు చచ్చింది?"

"ఇవాళ పదకొండు దాటాక. పావ్లా అవ్వ పెరట్లో."

రాడో ఫెలిక్స్ వైపు చూశాడు. ఫెలిక్స్ నేల చూపులు చూస్తున్నాడు. ఫెలిక్స్ బాబాయ్‌కి నేను అబద్ధం చెప్పాను, తప్పు నాదే అంది తదేయ. ఆ మాట ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

"నిన్న పదింటికల్లా నా కుక్క దాన్ని పట్టేసేది," అన్నాడు రాడో. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. "నిన్నంతా నేను ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం నీ పక్కనే ఉన్నాను కదా, తదేయా. ఒక్క మాట చెప్పాల్సింది."

ఆమె మొహం బొచ్చులో దాచుకుంది. కొట్టండి అనుకుంది. మూడు కాదు, ముప్పై కొట్టండి. వీపు బిగబట్టుకుని ఎదురుచూసింది. వెనక అడుగుల చప్పుడైంది, ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా పులుసు వాసన వచ్చింది. ఎవరో బెత్తం గోడకి ఆనించిన చప్పుడు వినిపించింది. చాలాసేపటికి పక్కన మోకాలు కటుక్కుమంది. ఫెలిక్స్ కిందికి వంగి ఆమె టోపీలోంచి కొమ్మ తీసేశాడు.

"లే అమ్మాయ్. చలి పెడుతోంది."

"ఇంకా కొట్టలేదు బాబాయ్."

"కొట్టరు," అన్నాడు ఫెలిక్స్. "లే."